బోర్డులు పెరిగినయి, మరి పనులు పెరిగినయా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్ల ఎక్కువ భాగం పైసల గురించే ఉన్నయి. అప్పు, మిత్తి, చిట్టీ, కుదువ, కిస్తీ, అన్నీ ఇవే. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం వీటికే ఇస్తున్న. మిగతా ప్రశ్నలు పంపినోళ్లు ఏమనుకోవద్దు, వచ్చేసారి తప్పకుండ తీసుకుంట.

ప్రశ్న: సార్, నేను హనుమకొండల డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న. వరంగల్ అంటే మిల్లు, మార్కెట్, కార్పెట్లు అని మా బాపు చెప్తుంటడు. నాకైతే రోడ్డు మీదికి పోతే గోల్డ్ లోన్, చిట్‌ఫండ్, బైక్ ఫైనాన్స్, పర్సనల్ లోన్ బోర్డులే కనవడుతున్నయి. ఇది అభివృద్ధికి గుర్తు అని మా ఎకనామిక్స్ సార్ అంటడు, అప్పులకు గుర్తు అని మా బాపు అంటడు. ఎవరి మాట పట్టుకోవాలె? – విద్యార్థి, హనుమకొండ

జవాబు: తమ్మీ, ఇద్దరి మాటల్ల నిజం ఉంది. మీ సార్ చెప్పేది ఏంటంటే అప్పు పుట్టే ఊర్లనే యాపారం పుడతది, పెట్టుబడి దొరకని కాడ ఎంత తెలివి ఉన్నోడైనా కైకిలికే పోవాలె. మీ బాపు చూసింది వేరే, ఆయన కండ్ల ముందే పని పోయింది, అప్పు వచ్చింది. ఆజంజాహీ మిల్లు 1934ల పెట్టిన్రు, 2002ల మూసేసిన్రు, ఆ జాగల ప్లాట్లు పడ్డయి. బట్ట నేసిన నేల మీద ప్లాట్లు అమ్మిన్రు, ఆ ప్లాటు కొననీకి హోమ్ లోన్ ఇచ్చిన్రు. ఊర్ల పైసలు అప్పుడూ తిరిగినయి ఇప్పుడూ తిరుగుతున్నయి, కాకపోతే అప్పుడు ఆ పైస ఎనక వేల మంది షిఫ్టు డ్యూటీ ఉండె, ఇప్పుడు దాని ఎనక ఒక రిజిస్ట్రేషన్ కాయిదం ఉంది. నువ్వు చూడాల్సిన తేడా ఇదే.

కొంచెం ఎనకకు పోదాం. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసిన్రు, 1980ల ఇంకో ఆరు చేసిన్రు. అంతకు ముందు మన దిక్కు పల్లెటూర్ల అప్పు అంటే సావుకారి, లేకపోతే మార్కెట్ల రైతు పంట అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే అడ్తి సేటు, అంతే. 1969 చివర్ల లీడ్ బ్యాంక్ స్కీమ్ తెచ్చి జిల్లాకో బ్యాంకును బాధ్యున్ని చేసిన్రు, 1975 నుంచి గ్రామీణ బ్యాంకులు వచ్చినయి. మన కాడ కాకతీయ గ్రామీణ బ్యాంకు ఉండేది, 2006ల దాన్ని ఇంకొన్నిటితోని కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు చేసిన్రు, దాని హెడ్డాఫీసు వరంగల్‌లనే ఉండేది. 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీహెచ్ (స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్) పోయి ఎస్‌బీఐల కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకుల కలిసింది. 2025 జనవరి 1న మన గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకుల కలిసినయి, దాని హెడ్డాఫీసు హైదరాబాద్. బ్రాంచీలు మూతపడలే, బోర్డులు మారినయి అంతే అని చాలామంది పట్టించుకోలే. నాకు మాత్రం ఇది పెద్ద సంగతే అనిపిస్తది, ఎందుకంటే ఒక జిన్నింగ్ మిల్లుకో రైస్ మిల్లుకో పెద్ద లోన్ కావాలంటే ఆ ఫైలు మీద ఆఖరి సంతకం పెట్టేటాయన ఇప్పుడు ఈ ఊర్ల లేడు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు ఎట్ల దిగుతయో ఆయన ఎన్నడు చూసిండో లేదో తెల్వదు, ఆయన ముందట ఉండేది కంప్యూటర్ చూపించే సిబిల్ స్కోరు, అంటే పాత అప్పులు ఎట్ల కట్టినమో చూసి ఏసే మార్కులు.

మన చెరువుల నీళ్లు ఉన్నయా లేవా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, తూము ఎటు దిక్కు తీసిన్రో కూడ చూడాలె. బ్యాంకుల పైస కూడ గంతే. జిల్లాల జనం దాచుకున్న డిపాజిట్లు ఎన్ని, అదే జిల్లాల ఇచ్చిన లోన్లు ఎన్ని అని ఒక లెక్క ఉంటది, దాన్ని క్రెడిట్-డిపాజిట్ నిష్పత్తి అంటరు. వంద రూపాయల డిపాజిట్‌కు అరవై రూపాయలన్న గ్రామాల్ల, చిన్న పట్నాల్ల బ్రాంచీలు తిరిగి అప్పుగా ఇయ్యాలని రిజర్వు బ్యాంకు ఎన్నో ఏండ్ల నుంచి చెప్తుంది. జిల్లాల అది 40 కంటే కిందికి పడితే ప్రత్యేక సబ్ కమిటీ ఏసి ఎందుకు పడ్డదో చూడాలె. తెలంగాణ మొత్తం లెక్క చూస్తే వంద దాటి కనవడతది, కానీ అందుల హైదరాబాద్‌ల ఇచ్చే పెద్ద పెద్ద లోన్లు ఉంటయి, దాన్ని చూసి ములుగుల గూడ గట్లనే ఉంది అనుకుంటే మోసపోతం. బ్యాంకర్ల కమిటీ మీటింగ్ కాయిదాల్ల జిల్లాల వారీ లెక్క దొరుకుతది. మీ కాలేజీ ప్రాజెక్టుకు దీన్ని తీసుకో, మీ సార్ కూడ సంతోషపడతడు.

ఆ నిష్పత్తి మంచిగున్నా అక్కడ ఆగిపోవద్దు, ఏ పనికి ఇచ్చిన్రో చూడాలె. బంగారం మీద, కారు మీద, ప్లాటు మీద, పెండ్లికి ఇచ్చిన అప్పు కూడ లోనే, లెక్కల కలుస్తది, కానీ ఆ అప్పు తీర్చే ఆమ్దానీ ఆ అప్పులకెళ్లి పుట్టదు, వేరే యాడికెళ్లో తెచ్చి కట్టాలె. అదే పైస ఒక కోల్డ్ స్టోరేజీకి పోతే మిర్చి రైతు ధర లేనప్పుడు నాలుగు నెలలు ఆగగలుగుతడు, హమాలీకి పని దొరుకుతది, లారీ తిరుగుతది. మన పత్తి ఇప్పటికీ ఎక్కువగ ఇక్కడ గింజ తీసి బేళ్లు కట్టి బయటి రాష్ట్రాలకే పోతుంది. దారం అయ్యేది అక్కడ, బట్ట అయ్యేది అక్కడ. 2017ల గీసుగొండ–సంగెం దిక్కు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన అయింది, కొన్ని ఫ్యాక్టరీలు మొదలైనయి కూడ, కానీ మిల్లు మూసిన కాడికెళ్లి లెక్కేస్తే నడుమల ఒక తరం పోయింది, ఆ తరమే మీ బాపుది.

ఇంకో లెక్క కూడ చెప్త. జాతీయ శాంపుల్ సర్వే వాళ్లు 2019ల ఎవుసం చేసే ఇండ్లను అడిగితే దేశం మొత్తం మీద 50.2 శాతం ఇండ్లకు అప్పు ఉన్నది, తెలంగాణల 91.7 శాతం ఇండ్లకు ఉన్నది. అప్పు దొరకడమే అభివృద్ధి అయితే మనం దేశంల ముందు వరుసల ఉండాల్నాయె. అందుకే నీకు నేను చెప్పేది, బోర్డులు లెక్కవెట్టకు, ఆ బోర్డు కింద అప్పు తీసుకున్న మనిషి దాంతోని ఏం పని మొదలువెట్టిండో కనుక్కో.

ప్రశ్న: అన్నా, మా గల్లీల పది మందిమి గ్రూపు కట్టి ఒక కంపెనీల లోన్ తీసుకున్నం, తర్వాత ఇంకో రెండు కంపెనీలోళ్లు ఇంటికొచ్చి మరీ ఇచ్చిన్రు. ఇప్పుడు కిస్తీలు కట్టుడు ఐతలేదు. వసూలు పిల్లగాడు రాత్రి ఎనిమిదింటికి వచ్చి గుమ్మంల కూసుంటున్నడు, నేను కట్టకుంటే గ్రూపుల అందరు కట్టాలె అంటున్నడు. మిత్తి నూటికి రూపాయే అని చెప్పిన్రు. నేనేం చెయ్యాలె? – గృహిణి, నర్సంపేట

జవాబు: చెల్లె, ముందుగాల భయపడకు. అప్పు కట్టకపోవడం నేరం కాదు, ఎవ్వరూ నిన్ను జైల్ల పెట్టరు. కట్టే పైస కట్టాల్సిందే కానీ వసూలుకు ఒక పద్ధతి ఉన్నది. రిజర్వు బ్యాంకు 2022ల తెచ్చిన రూల్స్ ప్రకారం ఇసొంటి లోన్లకు పొద్దుగాల 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రావద్దు. ముందుగాల ఇద్దరూ ఒప్పుకున్న జాగల్నే కిస్తీ తీసుకోవాలె, వరుసగా రెండుసార్లో ఎక్కువసార్లో నువ్వు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావాలె. తిట్టుడు, బెదిరించుడు, చుట్టాలకు ఫోన్లు చేసి సతాయించుడు, పేరు బయటపెట్టుడు, ఇవన్నీ బంద్. ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగ ఫిర్యాదు ఇయ్యి, కాయిదం నకలు దగ్గర పెట్టుకో, 30 రోజుల్ల జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇసొంటి ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపొచ్చు, 14448 నంబర్‌కు ఫోన్ చేస్తే ఎట్ల పంపాల్నో చెప్తరు.

ఇంకొకటి, అవే రూల్స్‌ల ఇది కూడ ఉంది. ఇంటి మొత్తం నెల ఆమ్దానీల సగానికి మించి కిస్తీలకు పోయేటట్టు అప్పు ఇయ్యొద్దు, అన్ని కంపెనీల కిస్తీలు కలిపి చూసుకునే ఇయ్యాలె. నీకు మూడో లోన్ ఇచ్చినాయన ఈ లెక్క చూడకుండ ఇచ్చిండంటే తప్పు నీ ఒక్కదానిది కాదు, ఇచ్చినోనిది కూడ. ఫిర్యాదుల ఈ సంగతి తప్పకుండ రాయి. ముందుగాల మొత్తం కట్టేసి లోన్ మూసుకుంటే దానికి పెనాల్టీ ఎయ్యొద్దు.

మిత్తి సంగతి. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతమే గదా అనుకుంటం. 50 వేలు తీసుకున్నవనుకో, ఏడాదికి 6 వేలు మిత్తి కలిపి 56 వేలను 12 కిస్తీలు చేస్తరు. కానీ 50 వేలు ఏడాది మొత్తం నీ దగ్గర లేవు, నెల నెల అసలు తగ్గుకుంట పోతుంది, మిత్తి మాత్రం మొత్తం 50 వేల మీదనే ఏసిన్రు. నిజంగ లెక్క కడితే అది 21 శాతం దాటుతది. అందుకే లోన్ ఇచ్చేటప్పుడు ఏడాదికి అసలు రేటు ఎంత పడతదో, ఛార్జీలన్నీ కలిపి, నీకు అర్థమయ్యే భాషల ఒక కాయిదం మీద రాసియ్యాలె. ఆ కాయిదం అడుగు, లేదంటే అది కూడ ఫిర్యాదుల రాయి. గిరిగిరి ఫైనాన్స్ దిక్కు మాత్రం అస్సలు పోకు. పది వేల కాయిదం మీద సంతకం పెట్టించుకొని 9 వేలు చేతిలవెట్టి రోజుకు వంద చొప్పున వంద రోజులు తీసుకపోతరు, ఏడాది లెక్కల అది 75 శాతం పైనే పడతది.

2010ల మన జిల్లాల ఆడోళ్లు ఈ కిస్తీల కింద ఎట్ల నలిగిన్రో ఆ కాలం చూసినోళ్లకు తెలుసు. ఆ ఏడు అక్టోబర్‌ల సర్కారు ఆర్డినెన్స్ తెచ్చి వారం వారం వసూళ్లు బంద్ వెట్టింది. రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023ల హైకోర్టు చెప్పింది, ఇగ అప్పటి నుంచి నేను పైన చెప్పిన రూల్సే మనకు ఆధారం. మీ మహిళా సంఘంల మాట్లాడు, బ్యాంకు లింకేజీ లోనో స్త్రీనిధి లోనో దొరికితే దాంతోని ఎక్కువ మిత్తి ఉన్న కంపెనీ బాకీ ముందుగాల తీర్చెయ్. ఇంకో కంపెనీల కొత్త లోన్ తెచ్చి పాత కంపెనీ కిస్తీ కట్టుడు మాత్రం ఇయ్యాల్టి నుంచి ఆపు.

ప్రశ్న: అన్నా, నాలుగెకరాలల్ల పత్తి, మిర్చి ఏస్త. ఎనుమాములల అడ్తి ఏండ్ల సంది పెట్టుబడి ఇస్తున్నడు, పంట అతనికే తోలుత. నూటికి రెండు మిత్తి. మా కొడుకు బ్యాంకుకు పోదాం అంటున్నడు, అడ్తి అయితే అర్ధరాత్రి అడిగినా ఇస్తడు, బ్యాంకోళ్లు ఇస్తరా? – రైతు, రేగొండ

జవాబు: అన్నా, నీ కొడుకు మంచి మాట చెప్తున్నడు. రెండు లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి ఎనిమిది నెలలు తెస్తే 32 వేలు అయితది. అదే రెండు లక్షలు బ్యాంకుల పంట రుణం తీసుకుంటే ఏడాదికి 7 శాతం, ఎనిమిది నెలలకు 9 వేల చిల్లర. గడువుల కట్టేస్తే ఇంకో 3 శాతం తగ్గి 4 శాతమే పడతది, అంటే 5 వేల చిల్లర. మూడు లక్షల దాకా ఈ లెక్క నడుస్తది. 2025 జనవరి 1 నుంచి రెండు లక్షల దాకా తాకట్టు అడగొద్దు అని కూడ రూల్ వచ్చింది.

కానీ మిత్తి ఒక్కటే కాదు, నీకు అడ్తి పెట్టుబడి ఇచ్చిన నాడే నీ పంట ఎవరికి పోవాల్నో ఖరారయింది. ధర పడ్డా, తేమ ఉందని కోత పెట్టినా, నువ్వు ఇంకో దుకాణం దిక్కు చూడలేవు. తక్‌పట్టీల, అంటే పంట అమ్మినంక అడ్తి ఇచ్చే లెక్క చీటీల, అప్పు, మిత్తి, కమీషన్, హమాలీ అన్నీ కోసినంక మిగిలిందే నీది. 1997-98ల పత్తికి పురుగువడి ఉమ్మడి వరంగల్ జిల్లాల ఎందరో రైతులు పాణాలు తీసుకున్నరు, వాళ్లల్ల చాలామందికి విత్తనం, మందు, అప్పు అన్నీ ఒక్క దుకాణంల కాడనే. మందు పనిచెయ్యకపోతే ఇంకో మందు అప్పు మీద ఇచ్చిన్రు, సలహా చెప్పేటోడూ అమ్మేటోడూ అప్పిచ్చేటోడూ ఒక్కడే. ఆ మూడు పనులు ఒక్క చేతిల ఉండకుండ చూసుకోవాలె అన్నా, నాకు తెలిసి రైతు ఇంటికి ఇంతకంటే పెద్ద జాగ్రత్త లేదు.

అడ్తి మంచోడే కావచ్చు, నీ బిడ్డ పెండ్లికి నిలబడ్డోడే కావచ్చు, ఆ సంబంధం తెంపుకొమ్మని నేను చెప్తలేను. ఈ ఏడు సగం పెట్టుబడి బ్యాంకుల తీసుకో. పట్టా పాస్‌బుక్, ఆధార్ పట్టుకొని నీ కొడుకును తీసుకపో. 2024ల మాఫీ అయిన పాత బాకీ ఉంటే అది సున్నా అయిందా లేదా ఖాతాల చూపించుకో, పాత మిత్తి వెయ్యి రెండు వేలు మిగిలి ఉండి దానివల్లనే కొత్త లోన్ ఆగిన రైతులు మస్తు మంది ఉన్నరు. పత్తికి మద్దతు ధర కంటే తక్కువ అడిగితే మద్దతు ధరకు పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐకి పో, అడ్తి అప్పు తక్కువ ఉంటేనే అక్కడికి పోయే ధైర్యం నీకొస్తది. మిర్చి ధర లేకపోతే కోల్డ్ స్టోరేజీల పెట్టి ఆ రసీదు మీద బ్యాంకుల లోన్ తీసుకోవచ్చు, స్టోరేజీ కిరాయి, మిత్తి రెండూ కలిపి క్వింటాల్‌కు ఎంత పడతదో ముందుగాల లెక్కేసుకో.

కౌలుకు చేసేటోళ్లు ఈ జవాబు చదివి మా సంగతేంది అని అడుగుతరు. వాళ్ల పేరు మీద పాస్‌బుక్ లేదు గనక బ్యాంకు తలుపు వాళ్లకు ఇప్పటికీ సగమే తెరిచి ఉంది. నలుగురైదుగురు కౌలు రైతులు కలిసి ఒకరి అప్పుకు ఒకరు బాధ్యులుగ ఉండే జాయింట్ లయబిలిటీ గ్రూపు కట్టుకుంటే లోన్ ఇయ్యొచ్చు అని రూల్ ఉన్నది, ఇచ్చే మేనేజర్లు తక్కువ. ఈ అన్యాయం గురించి వేరే వారం వివరంగ రాస్త.

ప్రశ్న: సింగరేణిల రిటైరైన. వచ్చిన పైసలు బ్యాంకుల ఏస్తే ఏమొస్తది, నాకిస్తే నూటికి రెండు రూపాయల మిత్తి ఇస్త అని తెలిసిన చిట్టీ కంపెనీ ఆయన ఎంటవడుతున్నడు. – రిటైర్డ్ కార్మికుడు, గోదావరిఖని

జవాబు: ఇయ్యకు కాకా. చిట్టీ వేరు, డిపాజిట్ వేరు. చిట్టీ కంపెనీకి చిట్టీలు నడిపే అనుమతే ఉంటది, మిత్తి ఇస్త అని జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే హక్కు లేదు. 2019ల వచ్చిన అనధికార డిపాజిట్ల నిషేధ చట్టం ప్రకారం అది నేరం. ఏడాదికి 24 శాతం నీకిచ్చి ఆయన ఎంత సంపాదించాలె, అంత లాభం యాడికెళ్లి వస్తది? చాలావరకు అది ప్లాట్ల మీద పెడతరు, జాగల ధర ఆగిన నాడు నీ అసలు కూడ ఆగుతది. భూమి లోపల ముప్పై ఏండ్లు గుండె పట్టుకొని చేసిన కష్టం అది, దాన్ని ఒక నోటిమాట మీద పెట్టొద్దు.

రిజిస్టరైన చిట్టీ అయితే చెడ్డదని నేను అనను. మన వరంగల్, కరీంనగర్ల ఎన్నో దుకాణాలు చిట్టీ ఎత్తిన పైసలతోనే లేచినయి. 25 మంది నెలకు 20 వేలు, 5 లక్షల చిట్టీ అనుకో. ఒకాయన లక్ష తగ్గించి పాడిండు, 4 లక్షలు తీసుకపోతడు. ఆ లక్షలకెళ్లి, మొత్తం 5 లక్షల చిట్టీ మీద 5 శాతం కమీషన్ అంటే 25 వేలు కంపెనీకి, మిగిలిన 75 వేలు 25 మందికి, తలా 3 వేలు. కమీషన్ 7 శాతం దాకా తీసుకోవచ్చని 2019ల చట్టం మార్చిన్రు, అందుకే ముందుగాల ఎంతో అడగాలె. చిట్టీ మొదలువెట్టకముందే రిజిస్ట్రార్ అనుమతి ఉండాలె, చిట్టీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ పెట్టి ఉండాలె. నీ గ్రూపుకు అనుమతి ఉందా అని చిట్ రిజిస్ట్రార్ ఆఫీసుల అడిగితే చెప్తరు. ఎత్తిన పైస ఇయ్యకుండ నెలలు తిప్పుకుంటే ఫిర్యాదు ఇచ్చేది కూడ అక్కడనే.

ప్రశ్న: బంగారం కుదువ పెట్టిన లోన్ మొత్తం కట్టేసిన, పది రోజులైనా సొమ్ములు ఇస్తలేరు. – జమ్మికుంట

జవాబు: లోన్ మూసిన నాడే, ఎంత లేటైనా ఏడు పని దినాల్ల, సొమ్ములు వాపస్ ఇయ్యాలె. వాళ్ల వల్ల లేటయితే రోజుకు 5 వేల చొప్పున నష్టపరిహారం కట్టాలని 2025ల రిజర్వు బ్యాంకు రూల్ తెచ్చింది, 2026 ఏప్రిల్ 1 నాటికి అన్ని కంపెనీలు అమలు చెయ్యాలె. నీ లోన్ తారీఖు చూసుకో, ఏదైనా సరే బ్రాంచీల రాతపూర్వకంగ అడిగి తారీఖుతోని సంతకం తీసుకో.

ప్రశ్న: సార్, మా ఊర్ల ఆడోళ్లం నెలకు రెండొందలు దాచుకుంటున్నం. ముల్కనూరు లెక్క సొంత బ్యాంకు పెట్టుకోవచ్చా, ఎవరైనా పైసలిస్తరా? – సంఘం సభ్యురాలు, హుస్నాబాద్

జవాబు: పెట్టుకోవచ్చు అక్కా, పైగా మీరు ముల్కనూరుకు దగ్గర్నే ఉన్నరు. 1956ల అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి గారు కొన్ని ఊర్ల రైతులను కలిపి ఆ సొసైటీ మొదలువెట్టిన్రు. అది అప్పిచ్చి ఊకోలే. విత్తనం, ఎరువు ఇచ్చింది, పండింది కొన్నది, మిల్లు ఆడించి అమ్మింది, లాభం మళ్ల సభ్యులకే పంచింది. అందుకే అప్పు తిరిగి కట్టుడు కూడ అంత బాగ నడిచింది, ఎందుకంటే అప్పు తీర్చే ఆమ్దానీ అదే సొసైటీలకెళ్లి వచ్చింది. ఆ తర్వాత అదే ముల్కనూరుల ఆడోళ్లు పాల డెయిరీ పెట్టుకున్నరు, దాని ఎనక ఏండ్ల సంది నెల నెల పొదుపు చేసిన మహిళా సంఘాలు ఉన్నయి.

మీరు అడిగిన రెండో మాట మాత్రం కొంచెం పక్కకు పెట్టున్రి. బయటి పైస కోసం ఇప్పుడే తిరగకున్రి. రెండు మూడేండ్లు మీ పొదుపుల్లనే చిన్న అప్పులు ఇచ్చుకోండి, ఎవరు ఎట్ల కడుతున్నరో మీకు తెలుస్తది, లెక్క రాసే మనిషి తయారయితది, మిత్తి మీలోనే ఉంటది. తర్వాత 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు, దానికి వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పది మంది ఉంటే చాలు, బై-లాలు, అంటే సంఘం నడిపే రూల్స్, మీరే రాసుకోవచ్చు, సర్కారు మనిషి వచ్చి కుర్చీల కూసునేది ఉండదు. అయితే ఏడాదికోసారి ఆడిట్, సర్వసభ్య సమావేశం తప్పకూడదు, లెక్కలు అందరి ముందు చదవాలె, చదువు రాని సభ్యురాలికి కూడ అర్థమయ్యేటట్టు. బై-లాలు రాసే ముందు నలుగురు ముల్కనూరు డెయిరీకి పోయి వాళ్ల సంఘాల లెక్కల పుస్తకాలు చూసి రాండ్రి, అప్పు ఎగ్గొట్టిన సభ్యురాలితోని ఏం చేసిన్రు అని కూడ అడగండ్రి, ఆ జవాబును మీ బై-లాల్ల ముందుగాలనే రాసుకోండి.